సందు వదిలిన కొమ్ము

ఏం ఉద్యోగం చేస్తావని చుట్టాలు అడిగినప్పుడల్లా "కొమ్ములు చేస్తాను" అని చెప్పేదాన్ని. హార్న్ యాంటెన్నా అని చెప్పినా లాభం ఉండేది కాదు. సూలూరులో మా పెద్దమ్మ ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "పాపా, మన లారీకి ఒకటి చేసిస్తువా? ఇప్పుడుండేది రొంబ మెల్లగా కూస్తాది" అని అడిగింది. నా కొమ్ము అసలు కూయదని చెప్తే, కూయని కొమ్ముకు జీతం ఎవరిస్తారని ఆమె నిజంగానే బెంగపెట్టుకుంది.

రేడియో తరంగాలు బయటికి పోవడానికి, లోపలికి రావడానికి లోహంతో చేసిన వెడల్పాటి నోరు, అదే హార్న్ యాంటెన్నా. బూర ఆకారంలో ఉంటుంది. కోయంబత్తూరు నుంచి సూలూరు పోయే దారిలో, మగ్గాల చప్పుడు వినిపించే ఒక చిన్న కంపెనీలో నేను వాటిని రూపొందించాను. మొన్న పదవీ విరమణ చేశాను. మా వాళ్ళ పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నారు. "ఆంటీ, ఏం చదవాలి?" అని అడుగుతారు. ఏం చదవాలో కాలేజీ చెప్తుంది. పని ఎలా ఉంటుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇంట్లో తెలుగే అయినా నేను తమిళ బడిలో చదువుకున్నాను. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. ఈ రాతను గుంటూరు నుంచి వచ్చిన మా కోడలు దిద్దింది. "అత్తయ్యా, మనుషులు మాట్లాడే చోట కూడా దిద్దనా?" అని అడిగితే, అక్కడ మాత్రం చెయ్యి పెట్టవద్దన్నాను.

నేను చేసిన కొమ్ములన్నిటి గురించీ చెప్పను. ఒక్కదాని గురించే చెప్తాను. ఈ పనిలో నేర్చుకున్నదంతా దాదాపు దాని దగ్గరే నేర్చుకున్నాను.

మధ్యాహ్నం కదిలే కొండ

మేట్టుపాళయం దాటి నీలగిరి ఘాట్ ఎక్కుతుంటే ఒక వంపు వస్తుంది. దాని పైన మట్టి వాలు. వానాకాలంలో అక్కడ మట్టి జారి దారి మీద పడుతుంది. ఆ వాలును కనిపెట్టుకుని ఉండటానికి దారికి అవతలి పక్క గోడలో ఒక చిన్న రాడార్ పెట్టారు. దాన్ని చూసుకునే భూగర్భ శాస్త్రజ్ఞురాలి పేరు లిల్లీ. కొండ మీదే పుట్టి పెరిగిన పిల్ల. తమిళమే మాట్లాడుతుంది. ఆమె మాటల్ని నేను తెలుగులో రాస్తున్నాను.

ఆ రాడార్‌లో రెండు కొమ్ములు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి తరంగాన్ని పంపుతుంది, రెండోది కొండకు తగిలి తిరిగి వచ్చినదాన్ని వింటుంది. వాలు గోరు మందం కదిలినా తెలుస్తుంది. ఎంత వెడల్పైన ఫ్రీక్వెన్సీ పట్టీ వాడితే దూరాన్ని అంత సన్నగా కోసి చూడొచ్చు. అందుకని కొమ్ములు వెడల్పు పట్టీలో పనిచెయ్యాలి. గోడలో తొలిచిన గూడు చిన్నది కాబట్టి పొట్టిగానూ ఉండాలి. ఈ రెండూ ఒక చోట కుదరడం కష్టం. అలాంటి కొమ్ముల్ని మేమే చేసి ఇచ్చాం, గర్వంగా.

వేసవిలో లిల్లీ ఆ రాడార్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో మా ఆఫీసుకు వచ్చింది. కూర్చోకముందే మొదలుపెట్టింది.

"అక్కా, కొండ రోజూ ఆఫీసుకు పోయి వస్తున్నట్టుంది. మధ్యాహ్నం కొంచెం ముందుకు వస్తుంది. సాయంత్రం తిరిగి ఇంటికి పోతుంది."

నవ్వు వచ్చింది కానీ సంగతి నవ్వేది కాదు. రాడార్ హెచ్చరించిందని దారి మూశారు. బస్సులు ఆగాయి, కూరగాయల లారీలు ఆగాయి. మట్టిబెడ్డ కూడా పడలేదు. మరోసారి కూడా అంతే. ఆ దారి చూసుకునే ఇంజనీరు మాణిక్కంగారు ఇంకొక్క తప్పుడు హెచ్చరిక వస్తే పెట్టెను పీకేస్తానన్నారు. వానాకాలం దగ్గరికి వస్తోంది. పెట్టె లేకపోతే ఆ వాలును కనిపెట్టేవాళ్ళే ఉండరు.

పెట్టెను మా వెనక పెరట్లో, ఏమీ లేని ఖాళీ వైపు తిప్పి పెట్టాం. లెక్క ప్రకారం తెర మీద ఏ కదలికా ఉండకూడదు. మధ్యాహ్నమే ఎందుకు కదులుతుందన్న ప్రశ్న నా బుర్రలో తిరుగుతోంది. బ్యాగులోంచి నా హెయిర్ డ్రైయర్ తీసి కొమ్ము మీదికి వేడిగాలి కొట్టాను. తెర మీద 'కొండ' ముందుకు వచ్చింది. ఆపి విసనకర్రతో విసిరాను. 'కొండ' వెనక్కి పోయింది.

లిల్లీ తెరను చూసి, ఖాళీ పెరటిని చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. "అక్కా, కొండ లేకుండానే కొండ కదులుతోంది!"

కారణం అతుకు. కొమ్మును రెండు సగాలుగా చెక్కి స్క్రూలతో బిగిస్తాం. ఎంత బిగించినా ఆ అతుకులోంచి తరంగం కొద్దిగా కారి, బయటికి పోకుండా నేరుగా పక్క కొమ్ములోకి దూరుతుంది. ఎండకు లోహం వ్యాకోచించి అతుకు వెంట్రుకవాసి మారితే, కారే తరంగమూ మారుతుంది. అతుకు మారిందో కొండ మారిందో పాపం రాడార్‌కు తెలియదు.

చిన్నవాళ్ళకు ఒక మాట. లోపం దొరికిన రోజున సిగ్గుపడి కూర్చోకండి. అది పండుగ రోజు. ఆ రోజు మేము లిల్లీకి భోజనం పెట్టించి, మైసూర్‌పా పొట్లం కట్టి పంపాం.

వరదరాజన్ సార్, స్క్రూలు

మా పై అధికారి వరదరాజన్ సార్ మదురై మనిషి. మాట్టుతావణి బస్‌స్టాండ్ దగ్గర వాళ్ళ అన్నదమ్ములకు పాత్రల దుకాణం ఉంది. ఆఫీసులో తమిళం, ఇంగ్లీషు మాట్లాడేవారు. ఆయన దగ్గర పని చెయ్యడం కష్టంగా ఉండేది, ఎందుకంటే ప్రతి లెక్కా ఆయన స్వయంగా మళ్ళీ వేసి చూసేవారు. అది గొప్ప సుఖం కూడా, ఎందుకంటే తప్పు వస్తే "మేము చేశాం" అనేవారు కానీ "ఆమె చేసింది" అని ఎన్నడూ అనలేదు. అలాంటి అధికారి దొరికితే, జీతం కొంచెం తక్కువైనా వదలకండి.

అయితే ఆయనకు ఒక పట్టుదల ఉండేది. తరంగం పోయే దారిలో సందు అనేది ఉండకూడదు. కారుతోందా, ఇంకో స్క్రూ వెయ్యి. ఇంకా కారుతోందా, రెండు స్క్రూల మధ్య ఒకటి వెయ్యి. అతుకులో మెత్తటి లోహపు పట్టీ పెట్టించారు, వెండి పూత పూయించారు. చివరికి ఆ కొమ్ము ముళ్ళపందిలా తయారైంది. మా గదిలో చక్కగా పనిచేసింది. మేట్టుపాళయంలో ఒక వక్కతోటలో మంచులో కొన్నాళ్ళు వేలాడదీశాం. మళ్ళీ మొదటికి వచ్చింది. తేమకు లోహం పైన పొర కట్టి, ఒక చోట తగులుతూ ఇంకొక చోట తగలకుండా పోయింది.

"ఇంకొక వరస వేద్దాం" అన్నారు సార్.

నాకు ఒళ్ళు మండింది. వరండాలోకి వచ్చి దాము మామకు ఫోన్ చేశాను. మా అమ్మ తమ్ముడు, లోహం చెక్కే వర్క్‌షాప్ ఆయనది. మా కొమ్ములన్నీ అక్కడే పుట్టేవి. ఇంట్లో మేము మాట్లాడుకునే తెలుగులో వాపోయాను.

"ఇంకో వరస స్క్రూలంట మామా. నేనేమి చేసేది? ఈ పెద్దాయనకు స్క్రూ కనిపిస్తే చాలు, గుడి కనిపించినట్ల నిలబడిపోతాడు."

వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "నిలబడేదే గాదు మా, చెప్పులు గూడా విడుస్తా."

తిరిగి చూస్తే వరదరాజన్ సార్, చేతిలో కాఫీ గ్లాసు. ఆ మాట అచ్చంగా తెలుగు.

ఫోన్లో మామ "ఏమాయె పాపా? ఏమాయె?" అని అరుస్తున్నాడు.

"సార్, మీరు… మీకు…"

"మా ఇంట్లో గూడా ఇదే మాట. మదురైలో మనవాళ్ళు లేరనుకుంటివా?"

అన్నేళ్ళుగా ఆయన ముందే, ఆయన గురించే, తెలుగులో నేను అన్నవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు సార్?" అన్నాను.

"చెప్తే నువ్వు నిలిపేస్తువు గదా. ఈ ఆఫీసులో నా గురించి నిజం చెప్పేది నువ్వొకదానివే." కాఫీ ఒక గుక్క తాగి గోడకు ఆనుకున్నారు. "సరి, ఇప్పుడు మొహానే చెప్పు. స్క్రూ వద్దంటే నీకు ఇంకేమి కావాల?"

తెలుగులో అడిగారు కాబట్టో ఏమో, భయం లేకుండా నోట్లోంచి వచ్చేసింది. "సందు కావాల సార్."

"సందా?"

"ఆఁ. రెండు పలకలు తగలనే కూడదు."

తగలని పలకలు

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. వేరే దేశాల్లో వాళ్ళు చేసి చూపించారు. గ్యాప్ వేవ్‌గైడ్ అంటారు. పత్రికల్లో చదివి, ఎప్పటికైనా చెయ్యాలని ఆశపడుతూ ఉండేదాన్ని. సంగతి ఇంతే. కింద ఒక లోహపు పలక. దాని మీద మేకుల్లా పొట్టి పుల్లలు వరసగా, ఒక్కోటి తరంగం పొడవులో దాదాపు నాలుగో వంతు ఎత్తు. పైన ఇంకొక పలకను పుల్లలకు తగలకుండా, దగ్గరగా నిలపాలి. చూస్తే చుట్టూ సందే. కానీ ఆ పుల్లల మీదుగా తరంగం పోలేదు. కొలతలు సరిగ్గా కుదిరితే, ఒక ఫ్రీక్వెన్సీ పట్టీలో ఆ పుల్లలు దాని దారి మూసేస్తాయి. పుల్లల నడుమ గట్టులా ఒక మెట్టు వదిలితే, తరంగం ఆ గట్టు వెంటే బుద్ధిగా పోతుంది. పలకలు తగలాల్సిన పనే లేదు. తగలనప్పుడు బిగించే గొడవ లేదు, ఎండ, మంచు వచ్చి అతుకును చెడగొట్టేదీ లేదు.

సార్‌కు ఇది మింగుడుపడలేదు. "నీళ్ళ గొట్టానికి సందు వదిలి, నీళ్ళు కారవంటా ఉండావు."

"చేసి చూపిస్తా సార్."

దాము మామకు దాని బొమ్మ గీసి పంపాను. కాసేపటికే ఫోన్. "పాపా, ఇది కొమ్మా, దువ్వెనా?"

మొదటిసారి చెక్కినప్పుడు పుల్లలు టపటపా విరిగిపోయాయి. నేను గీసినవి మరీ సన్నం. మామ ఎంత లావు ఉంటే విరగవో చెప్పాడు, ఆ లావుతో పట్టీ ఎంత వస్తుందో నేను లెక్క వేశాను. రెండూ కలిసే చోటు కోసం ఇద్దరం ఫోన్లో బేరమాడుకున్నాం. కొలత దొరికేసరికి పుల్లలు లావయ్యాయి, మధ్య దూరం పెరిగింది, వరసలు తగ్గాయి. పక్కకు రెండు వరసలే మా పనికి సరిపోయాయి.

తయారైన నమూనా ముక్కను మీటరుకు తగిలించి సార్‌ను పిలిచాను. ఒక చివర పంపిన తరంగం రెండో చివర ఎంత వచ్చిందో తెర మీద గీత చెప్తుంది. గీత చదునుగా నిలబడింది.

సార్ తెరను నమ్మలేదు. బల్ల మీది కాగితం ఒకటి తీసి పలకల మధ్య సందులోకి తోశారు. అటునుంచి ఇటు దూరి వచ్చింది. నిజంగానే పలకలు తగలడం లేదు. గీత మాత్రం కదల్లేదు. జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి అదీ దూర్చారు. గీత కదల్లేదు. వంగి ఒక కన్ను మూసి సందులోంచి చూశారు. అటువైపు నేను కనిపించానట.

"దీంట్లో నీ మొహం తెలుస్తాది. తరంగం మాత్రం రాదా?"

"రాదు సార్."

అప్పుడాయన చేసిన పని నాకు చాలా నచ్చింది. పై పలకను వేలితో కొద్దికొద్దిగా ఎత్తడం మొదలుపెట్టారు. ఎత్తగా ఎత్తగా ఒకచోట గీత ఢమాల్మని పడిపోయింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"అదీ! దీనికి గూడా హద్దు ఉండాది. ఇప్పుడు నమ్ముతా."

ఇది గుర్తుపెట్టుకోండి. ఒక వస్తువు ఎక్కడ పనిచేస్తుందో చూపించి తృప్తిపడితే అది సగం పనే. ఎక్కడ పనిచెయ్యదో కూడా మీ చేతులతో తెలుసుకోవాలి. అప్పుడే దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టొచ్చు.

పొట్టి కొమ్ము పెట్టిన తిప్పలు

ముక్క పనిచేసినంత మాత్రాన కొమ్ము పనిచెయ్యదు. అతుకు పొడవునా పుల్లలు పెట్టాం, గట్టును నోటిదాకా వంపు తిప్పి తెచ్చాం. ఫ్రీక్వెన్సీ పట్టీ కింది అంచుకు వచ్చేసరికి పుల్లలు చేతులెత్తేశాయి, తరంగం మళ్ళీ కారింది. పుల్లల ఎత్తు, సందు మార్చి దాన్ని సరిచేశాం. పై అంచులో ఇంకో చిక్కు. నిటారుగా ముందుకు పోవలసిన కిరణం పాము నాలుకలా రెండుగా చీలింది. లోపల తరంగం పుట్టే చోటు ఒక పక్కకు ఒరిగి ఉండటం దానికి కారణం. అది కనుక్కుని ఆ చోటును నడిమికి తేవడానికి నేనూ సారూ వారాల తరబడి పోట్లాడుకున్నాం.

ఇప్పుడు పోట్లాట తెలుగులోనే. ఆఫీసంతా ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలుపు దగ్గర నిలబడి వినేది. ఆయన తెలుగు, నా తెలుగు ఒకటి కావు. త్వరగా చెయ్యమనడానికి ఆయన "బిరీన చెయ్యి" అనేవారు, మేము "సురుగ్గా చెయ్యి" అంటాం. ఎవరిది అసలు తెలుగు అని ఒక మధ్యాహ్నం వాదించుకుని, చివరకు కోపంలో ఇద్దరం తమిళంలో పడ్డాం. తలుపు దగ్గరివాళ్ళు చప్పట్లు కొట్టారు.

కొమ్ము పొట్టిది కావడం వల్ల ఇంకొక ఇబ్బంది వచ్చింది. నోటి నడుమకు తరంగం ముందు చేరుతుంది, అంచులకు ఆలస్యంగా. అందువల్ల కిరణం చెదురుతుంది. నోటికి ఒక ప్లాస్టిక్ కటకం తొడిగితే నడిమి తరంగం కాస్త ఆగి, అన్నీ కలిసి బయలుదేరతాయి. మంచు కూడా లోపలికి పోదు. ఒకే ముక్కతో రెండు పనులు. దాము మామ తెల్లటి ప్లాస్టిక్‌ను తిప్పి నున్నగా, మధ్యలో ఉబ్బుగా చేసి ఇచ్చాడు. డబ్బా తెరవగానే అందరూ ఒకేసారి "ఇడ్లీ!" అన్నారు. దాని పేరు అదే అయిపోయింది.

కొమ్ములకు ఇడ్లీలు తొడిగి లిల్లీకి పంపాం. రెండోనాడే ఫోన్.

"అక్కా, ఇడ్లీని కోతి తీసుకుపోయింది."

"ఏ ఇడ్లీని?"

"మన ఇడ్లీనే అక్కా! గోడ మీద కూర్చుని కొరుకుతోంది. నచ్చినట్టు లేదు, మొహం అదోలా పెట్టింది."

ఆ ఘాట్‌లో కోతులుంటాయని మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. చిన్నప్పటినుంచి బస్సు కిటికీలోంచి వాటికి వేరుశెనక్కాయలు వేసినవాళ్ళమే. గీత గీసేటప్పుడు ఒక్కరికీ కోతి గుర్తుకు రాలేదు. కంప్యూటర్‌లో కొమ్ముకు చెమట పట్టదు, దాని మీద కోతి కూర్చోదు. గీత గీయడానికి ముందు ఆ చోటికి పోయి ఒక పూట ఊరికే కూర్చుని రండి. నేను ఇచ్చే సలహాల్లో ఖరీదైనది ఇదే. కోతి పళ్ళ గాట్లు ఉన్న ఆ ఇడ్లీ ఇప్పుడు మా ఇంట్లో పుస్తకాల అలమరలో ఉంది. కొత్తదానికి చుట్టూ కట్టు బిగించి పంపాం.

ఎండలో స్క్రూలు విప్పిన రోజు

మాణిక్కంగారికి చూపించే రోజు వచ్చింది. మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం కావాలని మేమే కోరుకున్నాం. వరదరాజన్ సార్, నేను, లిల్లీ ఆ వంపు దగ్గర గోడ నీడలో నిలబడ్డాం. వాలు మీద లిల్లీ రెండు చోట్ల లోహపు మూలలు, అంటే గది మూలలా మడిచిన రేకులు, నిలబెట్టింది. ఒకటి కదలని బండ మీద, ఒకటి జారే మట్టిలో. తరంగం వాటికి తగిలి గట్టిగా తిరిగి వస్తుంది.

మాణిక్కంగారు జీపు దిగి తెర వంక చూశారు. ఎండ మాడ్చేస్తోంది. తెర మీద గీత ప్రాణం లేనట్టు తిన్నగా ఉంది.

"ఇది పనిచేస్తోందా? ఆగిపోయిందా?" అని అడిగారు తమిళంలో.

సార్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశారు. ఇది నాకు చెప్పలేదు. కొమ్ము వెనక స్క్రూ ఒకటి విప్పి మాణిక్కంగారి అరచేతిలో పెట్టారు. ఇంకొకటి విప్పారు, అదీ పెట్టారు. మా గదిలో చేసి చూసినదే, కానీ అది మా గది. కొమ్ము రెండు సగాలు నిలబడటానికి కావలసినవి మాత్రం ఉంచి, మిగిలినవన్నీ ఆయన చేతిలో పోశారు. గీత కదల్లేదు.

"సరింగ, కొండ నిజంగా కదిలినా ఇది ఏదీ చూపించకుండా ఊరుకుంటే?" అన్నారు మాణిక్కంగారు. మంచి ప్రశ్న.

లిల్లీ అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వాలు ఎక్కుతోంది. మట్టిలో ఉన్న లోహపు మూలను బొటనవేలితో కొద్దిగా నెట్టింది. తెర మీద ఆ ఒక్క చోట గీత ఎగిరింది. బండ మీదిది నిబ్బరంగా ఉంది. లిల్లీ పైనుంచి అరిచింది, "కనిపించిందా?" మేము కిందినుంచి చేతులు ఊపాం. ఆమె అక్కడే నాలుగు అడుగులు ఆడింది. దానికి కూడా గీత గంతులు వేసింది.

మాణిక్కంగారు చేతిలో స్క్రూలు చూసుకుంటూ, "ఈ వానలకు ఉండనివ్వండి" అన్నారు.

వాన పడ్డ పొద్దున

వానలు గట్టిగా పట్టాయి. ఒక పొద్దున నేను బల్ల ముందు కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. మాణిక్కంగారు.

"అమ్మా, పెట్టె హెచ్చరిస్తోంది. ఒక్క మాట చెప్పండి. మీ కొమ్మా, మా కొండా?"

వరదరాజన్ సార్ వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నారు. లిల్లీని కూడా ఫోన్లో కలిపాం. ఆమె ఆ వంపు దగ్గరే, గోడ పక్కన గుడిసెలో ఉంది. బండ మీది మూల ఎలా ఉందని అడిగాను. నిలకడగా ఉందంది. వాలంతా కలిసి కదులుతోందా, ఒక చోటా? ఒకచోటే, ఎడమ పక్క మట్టి. వెనక్కి వస్తోందా? రావడం లేదక్కా, ముందుకే పోతోంది, వేగం పెరుగుతోంది.

కొమ్ముదే లోపమైతే బండ కూడా కదిలినట్టు కనిపించాలి. ఎండ లేదు, వేడి లేదు. అన్నీ తెలిసినా, "కావచ్చండి" అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట అంటే రేపు నన్ను ఎవరూ ఏమీ అనలేరు. దాంతో దారి మూయాలో వద్దో మాత్రం ఆయనకు తెలియదు. సార్ వంక చూశాను. ఆయన తల ఊపారు.

"మీ కొండేనండి. దారి మూసేయండి" అన్నాను.

మూశారు. తరవాతి ఎదురుచూపును ఎలా చెప్పాలి? పైన బస్సులు, కింద లారీలు. వాన తెరిపి ఇచ్చింది. మట్టి పడలేదు. ఫోన్లో జనం విసుక్కోవడం వినిపిస్తోంది. వంపు దగ్గర టీ అమ్మే మరుదాయమ్మ, పాలు పొయ్యి మీద ఉన్నాయని, రానని మొండికేసింది. లిల్లీ, ఒక బస్సు కండక్టరు కలిసి పొయ్యినీ, పాల గిన్నెనూ, ఆమెనూ దూరంగా చేర్చారు. మాణిక్కంగారు మధ్యమధ్య "అమ్మా?" అని మాత్రం అడుగుతున్నారు. ప్రతిసారీ "మూసే ఉంచండి" అని చెప్తున్నాను. చెప్పిన ప్రతిసారీ నా గొంతు చిన్నదవుతోంది.

"గట్టిగా చెప్పు మా," అన్నారు సార్ మెల్లగా. "నీ కొమ్ము సరిగా ఉండాది. నేను చూసి ఉండా గదా."

అంతలో ఫోన్లో ఒక శబ్దం. లారీలోంచి కంకర దించినట్టు మొదలై, అది ఆగకుండా పెద్దదైంది. లిల్లీ కేక. తరవాత ఏమీ లేదు. నేను సార్ చెయ్యి పట్టుకున్నానని తరవాత తెలిసింది.

"అక్కా." లిల్లీ గొంతు. రొప్పుతోంది. "అక్కా, పడింది. మరుదాయమ్మ కొట్టు ఉన్న చోటంతా మట్టే. దారి మీద ఎవ్వరూ లేరక్కా. ఎవ్వరూ లేరు!"

ఆమె వెనక బస్సులో జనం ఈలలు వేస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. అంతవరకు విసుక్కున్నవాళ్ళే. ఎవరో టీ అడుగుతున్నారు. పాలు పొంగిపోయాయని, మరుదాయమ్మ కాస్త ఆగమంటోంది.

వరదరాజన్ సార్ లేచి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, కిటికీ దగ్గరికి పోయి, మళ్ళీ వచ్చి, ఏం చెయ్యాలో తెలియక నా తల మీద చెయ్యి పెట్టారు. దాము మామకు ఫోన్ చేశాను. "మన దువ్వెన పనిచేసింది మామా" అనేసరికి అవతల మామ, "ఏయ్, మిషన్లు ఆపండి రా!" అని వర్క్‌షాప్ అంతా వినపడేలా అరిచాడు. ఇద్దరం ఏడుస్తూ నవ్వుకున్నాం.

మెచ్చుకునే కాగితాలు తరవాత వచ్చాయి, వాటి సంగతి వదిలేయండి. ఆ సాయంత్రం మాణిక్కంగారు మళ్ళీ ఫోన్ చేశారు. ధన్యవాదాలేమీ చెప్పలేదు. గొంతు బొంగురుపోయి ఉంది, రోజంతా వానలో నిలబడ్డ మనిషి.

"అమ్మా, ఇంకా పైన మరొక వాలు ఉంది. దాని కింద ఒక బడి ఉంది. అక్కడికి కూడా ఒకటి కావాలి. ఎప్పుడు వస్తారు?"

నేను అలసిపోయి ఉన్నాను. పొద్దున్నించి ఏమీ తినలేదు కూడా. అయినా కాగితం దగ్గరికి లాక్కుని, ఆ వాలు మీద ఎండ ఏ వేళకు పడుతుందని అడిగాను.